అందరికీ సలహా చెప్పే మనిషి: గ్రూప్ థెరపీలో ఒక కేసు

ఒకే తరహా ఇబ్బందితో గ్రూప్ థెరపీకి వచ్చిన కొందరి అనుభవాలను కలిపి, వయసు, వృత్తి, కుటుంబ వివరాలను మార్చి రాసిన కేసు ఇది. గ్రూపులోని మిగతా సభ్యుల విషయంలోనూ అదే పద్ధతి పాటించాను. మందులతో డిప్రెషన్ లక్షణాలు తగ్గినా నలుగురి మధ్య ఒంటరితనం మాత్రం తగ్గని మనిషి, ముక్కూమొహం తెలియని ఏడుగురితో వారానికొకసారి ఒక గదిలో కూర్చుంటే ఏం జరుగుతుంది, అది ఎలా జరుగుతుంది అన్నదే ఇక్కడ చర్చించే విషయం.

రిఫరల్, నేపథ్యం

క్లయింటు వయసు 46 ఏళ్లు. ఒక సంస్థలో అకౌంట్స్ విభాగం బాధ్యత చూస్తారు. భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు. తెల్లవారుజామునే మెలకువ వచ్చేయడం, ఆకలి మందగించడం, పనిమీద మనసు నిలవకపోవడం వంటి ఫిర్యాదులతో మొదట సైకియాట్రిస్టును సంప్రదించారు. డిప్రెషన్ తీవ్రతను కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో అప్పటి స్కోరు 19. ఈ స్కోరు 0 నుంచి 27 వరకు సాగుతుంది. 10 నుంచి మధ్యస్థ స్థాయి డిప్రెషన్‌గా, 15 నుంచి అంతకంటే తీవ్రమైనదిగా పరిగణిస్తారు. మందులతో నిద్ర, ఆకలి కుదుటపడ్డాయి. కొన్ని నెలల వ్యక్తిగత థెరపీ తర్వాత స్కోరు 14కు వచ్చి అక్కడే ఆగిపోయింది.

మొదటి సమావేశంలో ఆయన తన ఇబ్బందిని ఇలా చెప్పారు: "నాకు లోటంటూ ఏమీ లేదండీ. అందరూ ఉన్నారు. అయినా ఎవరూ లేనట్టే ఉంటుంది." ఇంట్లో, ఆఫీసులో, బంధువుల్లో ఎవరికి ఏ అవసరం వచ్చినా ముందుగా ఆయనకే ఫోను వస్తుంది. ఆయన ఎవరికైనా చివరిసారి తన సంగతి చెప్పుకున్నది ఎప్పుడని అడిగితే, చాలాసేపు ఆలోచించి, గుర్తు రావడం లేదన్నారు.

తోబుట్టువుల్లో పెద్దవాడు. ఆయనకు పదమూడేళ్లున్నప్పుడు తండ్రి మంచం పట్టారు. ఆసుపత్రి పనులు, తమ్ముళ్ల చదువులు, ఇంటి లెక్కలు ఆ వయసులోనే ఆయన చేతికి వచ్చాయి. "నువ్వున్నావు కాబట్టి నాకు ధైర్యం" అని తల్లి తరచు అనేవారట. ఆ మాట ప్రేమతో అన్నదే అయినా, ఆ పిల్లవాడు దానిలో ఒక షరతును కూడా విన్నాడు: తాను బెదిరితే ఇల్లంతా బెదిరిపోతుంది. భయం వేసినప్పుడు ఆ భయాన్ని మింగేసి ఎదుటివాళ్లకు ధైర్యం చెప్పడం అప్పుడు మొదలై, మూడు దశాబ్దాలు గడిచేసరికి స్వభావంగా స్థిరపడింది.

వ్యక్తిగత థెరపీ చేసిన సహోద్యోగి రిఫరల్ లేఖలో రాసిన ఒక వాక్యం నాకు మొత్తం కేసు హిస్టరీ కంటే ఎక్కువ చెప్పింది. ఈయనతో సెషన్ ముగిశాక తానే తేలికపడ్డట్టు అనిపిస్తోందని ఆమె రాశారు. ఆయన సమయానికి వచ్చేవారు, ఇచ్చిన అభ్యాసాలు తప్పకుండా చేసేవారు, థెరపిస్టుకు జలుబు చేస్తే తగ్గిందా అని మరుసటి వారం గుర్తుపెట్టుకుని అడిగేవారు. ఫిర్యాదు చేయడానికి వీల్లేని క్లయింటు. సరిగ్గా ఆ కారణం చేతనే ఆయన సమస్య ఆ గదిలో బయటపడలేదు. ఇద్దరు మాత్రమే ఉండే గదిలో, అందులో ఒకరి వృత్తి వినడమే అయినప్పుడు, ఎదుటివారిని సంతోషపెట్టే నేర్పు ఉన్న మనిషి ఎంతకాలమైనా సుఖంగా నెట్టుకురాగలడు.

గ్రూపునే ఎందుకు ఎంచుకున్నాం

గ్రూప్ థెరపీ అనే పేరు కింద చాలా భిన్నమైన పనులు నడుస్తాయి. ఒక జబ్బు గురించి, మందుల గురించి అవగాహన కలిగించే గ్రూపులు ఉన్నాయి. ఎనిమిది నుంచి పదహారు వారాల పాటు నిర్ణీత పాఠ్యక్రమంతో ఆందోళనను, కోపాన్ని, కుంగుబాటును ఎదుర్కొనే నైపుణ్యాలు నేర్పే గ్రూపులు ఉన్నాయి. ఆలోచనల, ప్రవర్తనల తీరును మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (సీబీటీ) గ్రూపులు ఎక్కువగా ఈ కోవలోకి వస్తాయి. తాగుడు మానాలనుకునేవారి కోసం 1935లో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ వంటివి స్వయం సహాయక సంఘాలు. వాటిని థెరపిస్టు నడపరు, అవి మనోచికిత్స అని చెప్పుకోవు కూడా. ఇవన్నీ కాక, సభ్యుల మధ్య ఆ గదిలో ఏర్పడే సంబంధాలనే చికిత్సకు ముడిసరుకుగా వాడుకునే ఇంటర్‌పర్సనల్ గ్రూపులు మరో రకం. ఈ క్లయింటును చేర్చింది ఈ చివరి రకంలో.

కారణం ఇది. మనుషులతో మనం ఎలా మెలుగుతామో చెప్పమంటే, మనకు కనిపించినంతే చెబుతాం. కనిపించనిది చెప్పలేం. కానీ ఏడెనిమిది మందితో నెలల తరబడి కూర్చుంటే, బయట మెలిగే తీరులోనే అక్కడా మెలగక తప్పదు. పెత్తనం చేసేవారు అక్కడా పెత్తనం చేస్తారు. తనను ఎవరూ పట్టించుకోరనుకునేవారు, పట్టించుకోనవసరం లేని మూల కుర్చీనే వెతుక్కుంటారు. బయట మనల్ని చూసి విసుక్కున్నవాళ్లు ఎందుకు విసుక్కున్నారో చెప్పకుండా దూరం జరుగుతారు. గ్రూపులో మాత్రం ఆ మాట మొహం మీదే చెప్పడానికి, చెప్పాక కూడా మరుసటి వారం అదే కుర్చీలో వచ్చి కూర్చోవడానికి అందరూ ముందే ఒప్పుకుని ఉంటారు. ఈ క్లయింటుకు అవసరమైనదల్లా తన మంచితనం ఎదుటివారికి ఎలా అనిపిస్తోందో తెలియడం. అది తెలియజెప్పగలిగేది ఎదుటివారే.

పద్ధతి వివరించినప్పుడు ఆయన మర్యాదగానే ఒక సూటి ప్రశ్న వేశారు: "ఒకరొకరిని చూసే తీరిక లేక అందరినీ ఒకేసారి చూడటం కాదు కదా?" ఈ అనుమానం దాదాపు ప్రతి క్లయింటుకూ ఉంటుంది, అందులో చారిత్రకంగా కొంత నిజం కూడా ఉంది. 1905లో బోస్టన్‌లో జోసెఫ్ ప్రాట్ అనే వైద్యుడు, శానటోరియంలో (క్షయ రోగుల ప్రత్యేక ఆసుపత్రిలో) చేరే స్తోమత లేని రోగులను వారానికొకసారి ఒకచోట చేర్చి జాగ్రత్తలు బోధించడం మొదలుపెట్టారు. ఒకే జబ్బుతో ఉన్నవాళ్లు ఒకరినొకరు చూసుకుని ధైర్యం తెచ్చుకోవడం, బోధన ఎంత పనిచేస్తుందో అంత పనిచేస్తోందని అక్కడే తేలింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మానసికంగా దెబ్బతిన్న సైనికులు వందల్లో, మనోవైద్యులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది ఉన్నప్పుడు, ఇంగ్లండ్‌లోని నార్త్‌ఫీల్డ్ సైనిక ఆసుపత్రిలో విల్‌ఫ్రెడ్ బియాన్, ఎస్. హెచ్. ఫౌక్స్ వంటి మనోవైద్యులు గ్రూపు పద్ధతిని ముందుకు తీసుకుపోయారు. తీరిక లేకనే మొదలైన పద్ధతి, ఒంటరిగా కూర్చోబెట్టి చేసే చికిత్సలో దొరకనిదేదో ఇందులో దొరుకుతోందని తేలడం వల్ల నిలబడింది. ఈ సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నవ్వి, సరేనన్నారు.

చేర్చుకునే ముందు

గ్రూపులో మొత్తం ఎనిమిది కుర్చీలు, ఇద్దరు థెరపిస్టులకు మరో రెండు. వారానికొక సెషన్, తొంభై నిమిషాలు. ఒకరు వెళ్లిపోతే ఆ స్థానంలో మరొకరు చేరే విధానం కాబట్టి, ఆయన చేరేనాటికే గ్రూపు కొంతకాలంగా నడుస్తోంది. భర్తను కోల్పోయిన రిటైర్డ్ ఉపాధ్యాయురాలు, ఒక నర్సు, ఒక పీజీ విద్యార్థి, విడాకుల కేసు నడుస్తున్న ఒక ఇంజినీరు, ప్రసవానంతర డిప్రెషన్ నుంచి కోలుకుంటున్న ఒక గృహిణి, తరచు ఉద్యోగాలు మారే ఒక సేల్స్ ఉద్యోగి, మాట్లాడాలంటేనే జంకే ఒక లైబ్రేరియన్ సభ్యులు. సమస్యలు, స్వభావాలు వేర్వేరుగా ఉండి, ఒత్తిడిని తట్టుకునే శక్తి మాత్రం దాదాపు సమానంగా ఉండేలా సభ్యులను ఎంచుకోవడం ఈ రకం గ్రూపుల్లో సాధారణ నియమం. అందరూ నోరు మెదపని వాళ్లే అయినా, అందరూ నోరు మూయని వాళ్లే అయినా గ్రూపు కదలదు.

మధ్యలో మానేసేవారిలో ఎక్కువమంది తొలి కొద్ది వారాల్లోనే మానేస్తారు. ముందస్తు తయారీ ఆ నష్టాన్ని తగ్గిస్తుంది. అందువల్ల చేరకముందు ప్రతి ఒక్కరితో విడిగా కూర్చుని, అక్కడ ఏం జరుగుతుందో, మొదట్లో ఎంత గందరగోళంగా ఉండవచ్చో, ఎప్పుడు మానేయాలనిపించవచ్చో ముందే మాట్లాడతాం. మానేయాలనిపిస్తే ఆ మాట గ్రూపులోనే చెప్పి, చర్చించాకే వెళ్లాలన్నది ఒప్పందంలో ఒక షరతు. సభ్యులు బయట కలుసుకుంటే ఆ సంగతి గదిలో దాచకూడదన్నది మరొకటి.

గోప్యత గురించి దాపరికం లేకుండా చెప్పవలసిన విషయం ఒకటుంది. థెరపిస్టులు వృత్తి నియమాలకు కట్టుబడి ఉంటారు. తోటి సభ్యులను కట్టిపడేసేది వాళ్లు ఇచ్చిన మాట మాత్రమే. ఇక్కడ విన్నది బయట చెప్పకూడదని అందరూ మాట ఇస్తారు, ఆ మాట చాలావరకు నిలుస్తుంది, కానీ అది వంద శాతం హామీ అని ఏ థెరపిస్టూ చెప్పకూడదు. ఈ క్లయింటు దీన్ని శ్రద్ధగా విని, తనకు దాచుకోవలసినవేమీ లేవన్నారు. ఆ మాటను నోట్సులో యథాతథంగా రాసుకున్నాను.

మొదటి నెలలు: అందరికీ కావలసిన మనిషి

ఆయన చేరిన మొదటి నెలల్లో గ్రూపుకు ఆయనంటే ఎంతో ఇష్టం ఏర్పడింది. వయసుతో నిమిత్తం లేకుండా అందరూ "సార్" అనే పిలిచేవారు. ఇంజినీరుకు లాయరుతో ఎలా మాట్లాడాలో, విద్యార్థికి చదువు ఎలా ప్లాన్ చేసుకోవాలో, గృహిణికి అత్తగారితో మాట ఎలా దాటవేయాలో చెప్పేవారు. ఎవరైనా ఏడిస్తే టిష్యూ పెట్టె అందించే చెయ్యి ఆయనదే. గదిలో నిశ్శబ్దం అర నిమిషం దాటితే దాన్ని పూరించేది కూడా ఆయనే.

కొత్త గ్రూపుల్లో సలహాలు వెల్లువెత్తడం మామూలే. ఆ సలహాల సారం వల్ల ఎవరికైనా పెద్దగా మేలు జరగడం అరుదు. అవతలివారు నా కోసం ఆలోచిస్తున్నారన్న సూచన వల్ల కొంత మేలు జరుగుతుంది. ఈయన విషయంలో సలహాలు ఎంతకీ తగ్గలేదు. తన వంతు వస్తే "ఈ వారం అంతా బాగానే ఉందండీ" అని ఒక్క వాక్యంతో సరిపెట్టి, వెంటనే మరొకరి సంగతి ఎత్తేవారు. మా ఇద్దరు థెరపిస్టుల్లో కూడా ఆయన గదిలో ఉంటే సెషన్ సాఫీగా నడుస్తుందన్న హాయి కలిగేది. ఆ హాయిని మేము ఆయన గురించిన సమాచారంగా తీసుకున్నాం. ఇంట్లో, ఆఫీసులో ఆయన చుట్టూ ఉన్నవాళ్లకు కలిగేది కూడా ఇదే అయి ఉండాలి. పనికొచ్చే మనిషిని, బాగున్నావా అని అడగాలని ఎవరికీ తట్టదు.

మొదటి పగులు నర్సు మాటలో కనిపించింది. ఆసుపత్రిలో ఒక రోగి చనిపోయిన రాత్రి గురించి ఆమె చెబుతుండగా, ఆయన మధ్యలో అందుకుని, డ్యూటీ మార్పించుకోవడానికి ఎవరిని కలవాలో వివరించసాగారు. ఆమె ఆగి, కొంత తటపటాయించి అంది: "సార్, మీరు దారి చెప్పేసరికి నేను చెప్పాలనుకున్నది గొంతులోనే ఆగిపోతోంది. నాకిప్పుడు డ్యూటీ మారాలని లేదు." ఆయన వెంటనే క్షమించమన్నారు. ఆ తర్వాత ఆ సెషనంతా ఒక్క మాట మాట్లాడలేదు.

ఇలాంటి చోట థెరపిస్టు చేయవలసిన పని, ఏం జరిగిందో గ్రూపు చేతనే చూపించడం. మా విశ్లేషణ మా నోటితో వినిపించి ఉంటే ఆయన దాన్ని కూడా ఒక మంచి విద్యార్థిలా రాసుకుని వెళ్లేవారు. అందుకు బదులు, ఆ మౌనం మిగతావారికి ఎలా అనిపించిందని అడిగాం. ఇంజినీరుకు తప్పు చేసిన పిల్లవాడిలా కనిపించిందట. లైబ్రేరియన్‌కు భయం వేసిందట. విద్యార్థి మాత్రం, సార్ మాట్లాడకపోతే ఈ గదిలో ఎవరూ లేనట్టు ఉందన్నాడు. మనిషి పట్ల తీర్పు చెప్పకుండా, ఇప్పుడే జరిగిన ఒక పనిని ఎత్తి చూపి, అది తనలో ఏం కలిగించిందో చెప్పడం అనే ఈ అలవాటు గ్రూపుకు పుట్టుకతో రాదు. దాన్ని పదేపదే చేయించి నేర్పాలి. 1940ల్లో సామాజిక మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ బృందం నడిపిన శిక్షణ గ్రూపుల్లో, గదిలో అప్పుడే జరిగిన దాని గురించి పాల్గొన్నవారితోనే మాట్లాడితే వాళ్లు ఎంత చురుగ్గా నేర్చుకుంటారో గమనించినప్పటి నుంచి, ఈ పని గ్రూపు నాయకత్వంలో కేంద్ర స్థానానికి వచ్చింది.

మెడ మీద కట్టు

ఆయన వరుసగా రెండు వారాలు రాలేదు. ఆఫీసులో ఆడిట్ పని ఉందని సందేశం పంపారు. మూడో వారం యథాప్రకారం ముందుగానే వచ్చి, ఉపాధ్యాయురాలి మోకాళ్ల నొప్పుల గురించి, విద్యార్థి పరీక్షల గురించి వాకబు చేశారు. సెషన్ మొదలైన పది నిమిషాలకు విద్యార్థి అడిగాడు: "సార్, కాలర్ కింద ఆ కట్టేంటి?"

"ఏం లేదు, చిన్న గడ్డ. తీసేశారు."

"బయాప్సీకి పంపారా?" నర్సు అడిగింది.

"ఆ, పంపారు. రిపోర్టు వచ్చింది. ఏమీ లేదన్నారు." ఆయన ఈ మాట చెబుతూనే గృహిణి వైపు తిరిగి, పాప జ్వరం తగ్గిందా అని అడగబోయారు. ఉపాధ్యాయురాలు ఆపారు.

"ఆసుపత్రికి తోడెవరు వచ్చారు?"

"ఒక్కడినే వెళ్లానండీ. ఇంట్లో చెబితే కంగారు పడతారని చెప్పలేదు."

గదిలో ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మాట్లాడింది, ఆ గ్రూపులో కోపం ఎప్పుడూ చూపించని విద్యార్థి. గొంతు వణుకుతూ అన్నాడు: "నాకు బతకాలనిపించని రాత్రి గురించి మీకు చెప్పాను సార్. మా నాన్నకు కూడా చెప్పలేదు, మీ అందరికీ చెప్పాను. మీరు గడ్డ సంగతి కూడా మాకు చెప్పలేదు. అంటే మేము మీకు ఏమీ కామా?"

ఆయన మొహం పాలిపోయింది. వెంటనే ముందుకు వంగి, "అలా కాదు బాబూ, నువ్వు బాధపడకు" అని మొదలుపెట్టారు. సహ థెరపిస్టు మెల్లగా అడ్డుపడింది: "ఇప్పుడు కూడా మీరు అతన్ని ఓదారుస్తున్నారు. అతను మిమ్మల్ని ఒక ప్రశ్న అడిగాడు." నేను ఒక్క మాట చేర్చాను: "రిపోర్టు కోసం ఎదురు చూసిన ఆ రోజుల్లో, ఈ గదిలో ఎవరికైనా చెప్పి ఉంటే బాగుండుననిపించిందా?"

చాలాసేపు నేల చూపులు చూశారు. చివరికి ఉపాధ్యాయురాలి వైపు తిరిగి, "మేడమ్ గారికి చెబుదామనుకున్నాను. ఫోను చేతిలోకి తీసుకున్నాను కూడా. ఆవిడకు ఇప్పటికే ఉన్న బాధ చాలదా అనిపించింది" అన్నారు. ఆమె జవాబు పొడిగా ఉంది, అందులో ఓదార్పు ఏమీ లేదు: "నా బాధ ఎంతో నాకు తెలుసు. మీ గడ్డ సంగతి వింటే నేనేం కుప్పకూలిపోను. చెప్పకపోవడమే నాకు కష్టంగా ఉంది." అప్పుడు ఆయనకు ఏడుపు వచ్చింది. టిష్యూ పెట్టె లైబ్రేరియన్ అందించాడు. అంతవరకు ఆ పెట్టెను అతను ముట్టుకున్నది లేదు.

ఏది పనిచేసింది

ఆ రోజు ఏడవడం వల్లే ఆయన బాగుపడ్డారని అనుకోవడం సులువు. గుండెల్లో భారం దింపుకోవడానికి విలువ ఉంది కానీ, ఒంటరిగా ఏడ్చినా అంత భారమూ దిగుతుంది. అమెరికన్ మనోవైద్యుడు ఇర్విన్ యాలమ్ గ్రూప్ థెరపీలో పనిచేసే పదకొండు చికిత్సా కారకాలను గుర్తించారు. భావ విమోచన అందులో ఒకటి మాత్రమే. నాలాంటివాళ్లు ఇంకా ఉన్నారన్న ఎరుక, ఆశ, పరోపకారం, గ్రూపుతో పెనవేసుకున్న బంధం, ఎదుటివారి ద్వారా తన్ను తాను తెలుసుకోవడం, చిన్ననాటి కుటుంబ అనుభవం మళ్లీ ఎదురై ఈసారి వేరేగా ముగియడం మొదలైనవి మిగిలినవి. ఈ కేసులో ప్రధానంగా పనిచేసినవి చివరి రెండు.

పదమూడేళ్ల వయసు నుంచి ఆయన ప్రవర్తనను నడిపిన నమ్మకం ఒకటుంది: తన భయం బయటపెడితే ఎదుటివాళ్లు తట్టుకోలేరు. ఆ నమ్మకం తప్పని వాదించి ఒప్పించడం కష్టం, ఎందుకంటే ఒకప్పుడు, ఆ ఇంట్లో, అది నిజమే అయి ఉండవచ్చు. గ్రూపులో ఆయన భయం బయటపడింది, ఎవరూ కుప్పకూలలేదు. అంతకంటే ముఖ్యమైనది మరొకటి జరిగింది. తాను దాచుకోవడం ఎదుటివాళ్లను కాపాడుతోందని ఇన్నేళ్లూ అనుకున్నారు. అది వాళ్లను గాయపరుస్తోందని, తమను లెక్కలోకి తీసుకోలేదన్న అవమానంగా మిగులుతోందని, తాను కొడుకులా చూసుకున్న కుర్రవాడి కోపం ద్వారా తెలిసింది. మనోవిశ్లేషకులు ఫ్రాంజ్ అలెగ్జాండర్, థామస్ ఫ్రెంచ్ 1946లో దిద్దుబాటు భావానుభవం అని పేర్కొన్నది ఇటువంటిదాన్నే. పాత భయం ఎదురుకావాలి, ఊహించిన ఫలితం రాకూడదు, ఆ తేడా ఏమిటో ఆ వెంటనే మాటల్లోకి రావాలి. మూడోది జరగకపోతే మొదటి రెండూ ఒక ఉద్వేగభరితమైన సాయంత్రంగా మిగిలిపోతాయి. అందుకే తర్వాతి రెండు సెషన్లలో చాలా సమయం ఆ రోజు జరిగినదాన్ని మళ్లీ తిరగేయడానికే పోయింది.

పరోపకారం విషయంలో ఇక్కడ ఒక మెలిక ఉంది. తాము ఎందుకూ కొరగామనుకునే డిప్రెషన్ రోగులకు, గ్రూపులో మరొకరికి ఉపయోగపడటం గొప్ప ఔషధం. టిష్యూ పెట్టె అందించిన లైబ్రేరియన్ ఆ సాయంత్రం వెళ్తూ వెళ్తూ నిటారుగా నడిచాడని మేమిద్దరం గమనించాం. ఈ క్లయింటుకు అదే ఔషధం అప్పటికే మోతాదు మించింది. ఆయన నేర్చుకోవలసింది పుచ్చుకోవడం. ఒకే గదిలో, ఒకే నిమిషంలో, ఒకే కారకం ఇద్దరిలో ఎదురెదురు దిశల్లో పనిచేయడం వ్యక్తిగత థెరపీలో సాధ్యం కాదు.

విద్యార్థి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆత్మహత్య ఆలోచనలు గతంలో ఉన్న సభ్యుడు కాబట్టి, ఆ సెషన్ తర్వాత అతనితో విడిగా కూర్చుని పరిస్థితిని మళ్లీ అంచనా వేశాం. అతని సైకియాట్రిస్టుతో ముందే రూపొందించిన భద్రతా ప్రణాళికను తిరగేశాం. పెద్దవాళ్ల మీద కోపం చూపించినా సంబంధం తెగిపోలేదన్నది అతని చికిత్సలో కూడా ఒక మలుపే.

ఆ తర్వాత

మార్పు తిన్నగా సాగలేదు. రెండు వారాలకే ఆయన మళ్లీ సలహాల్లోకి జారారు. "మళ్లీ మొదలుపెట్టారు సార్" అని నర్సు అనడం, ఆయనతో సహా అందరూ నవ్వడం ఆ గ్రూపులో ఒక ఆనవాయితీగా మారింది. మెడ మీద గడ్డ సంగతి నెల తర్వాత భార్యకు చెప్పారు. సినిమాల్లో చూపించినట్టు ఆమె కరిగిపోలేదు. ఇన్నేళ్లూ తనను పరాయిదానిలా చూశారని కోప్పడి రెండు రోజులు మాట్లాడలేదట. ఆయన మరుసటి సెషన్‌కు దిగులుగా వచ్చి, ఇందుకే చెప్పకూడదనుకున్నానన్నారు. విద్యార్థి కోపం తర్వాత ఏం జరిగిందో గుర్తు చేసింది థెరపిస్టులు కారు, గృహిణి. భార్య కోపాన్ని ఓదార్చి ముగించకుండా వినగలిగినందువల్లే భార్యాభర్తల మధ్య మాటలు మొదలయ్యాయి. గదిలో నేర్చుకున్నది గది బయటకు వెళ్లిందనడానికి నేను ఎక్కువగా నమ్మే ఆధారం ఇటువంటిదే.

గ్రూపు ఎవరికి, ఎవరికి కాదు

ఇదే గ్రూపు నుంచి సేల్స్ ఉద్యోగి మూడో సెషన్ తర్వాత వెళ్లిపోయారు. ఇతరులు మాట్లాడిన ప్రతి మాటనూ ఆయన తన మీద దాడిగా తీసుకునేవారు. నిద్ర బాగా తగ్గిపోవడం, మాటల వేగం పెరగడం గమనించి సైకియాట్రిస్టు దగ్గరకు పంపాం. హైపోమేనియా (ఉత్సాహం, చురుకుదనం అసహజంగా పెరిగే స్థితి) దశ మొదలైనట్టు తేలింది. అది కుదుటపడ్డాక వ్యక్తిగత థెరపీ కొనసాగించారు. మేనియా (అదే మరింత తీవ్రంగా ఉండటం), తీవ్ర సైకోసిస్ (వాస్తవంతో సంబంధం తెగిపోవడం), మత్తులో ఉండటం, ప్రాణాపాయం పొంచి ఉన్న ఆత్మహత్యా సంక్షోభం వంటి స్థితుల్లో ఈ తరహా గ్రూపు పనికిరాదు. ముందు ఆ స్థితి అదుపులోకి రావాలి. సైకోసిస్ నుంచి కోలుకుంటున్నవారికి, ఆసుపత్రిలో ఉన్నవారికి వేరే లక్ష్యాలతో, ఎక్కువ నిర్మాణంతో నడిచే గ్రూపులు ఉన్నాయి. ఎదుటివారిని వాడుకోవడమే అలవాటైనవారు, క్రమంగా రాలేనివారు కూడా ఇటువంటి గ్రూపుకు తగరు. రోగ నిర్ధారణ పేరు కంటే, ఈ మనిషి ఈ గ్రూపు చేసే పనిలో ఇప్పుడు పాల్గొనగలరా అన్న ప్రశ్నకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

సామాజిక భయం ఉన్నవారి సంగతి కొంత జాగ్రత్తగా చూడాలి. మనుషులంటే భయపడేవారికి మనుషుల మధ్యే చికిత్స అన్నది తర్కానికి బాగుంటుంది. అయితే బ్రిటన్‌లో ఏ జబ్బుకు ఏ చికిత్స ఇవ్వాలో సూచించే నైస్ సంస్థ 2013లో వెలువరించిన మార్గదర్శకాలు, పెద్దవారిలో సామాజిక ఆందోళనకు గ్రూపు కంటే వ్యక్తిగత సీబీటీకే ప్రాధాన్యం ఇచ్చాయి. అదే సంస్థ 2022లో, తీవ్రత తక్కువగా ఉన్న డిప్రెషన్‌కు ముందుగా పరిశీలించదగ్గ చికిత్సల్లో గ్రూప్ సీబీటీని చేర్చింది. మొత్తం మీద చూస్తే చాలా సమస్యలకు గ్రూపు, వ్యక్తిగత చికిత్సల ఫలితాలు దాదాపు సమానంగా ఉన్నాయని పరిశోధనలు చెబుతున్నాయి.

డిప్రెషన్ విషయంలో నాకు బాగా గుర్తుండే పరిశోధన యుగాండా గ్రామాల్లో జరిగింది. 2003లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో ముప్పై గ్రామాల వారు పాల్గొన్నారు. వాటిలో కొన్ని గ్రామాల్లో స్థానికులే శిక్షణ పొంది, వారానికి తొంభై నిమిషాల చొప్పున పదహారు వారాలు ఇంటర్‌పర్సనల్ గ్రూప్ థెరపీ నడిపారు. ముగిశాక మేజర్ డిప్రెషన్ ప్రమాణాలకు సరిపోయినవారు థెరపీ పొందిన గ్రామాల్లో 6.5 శాతం, పొందని గ్రామాల్లో 54.7 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇదే పద్ధతికి ఒక మాన్యువల్ వెలువరించింది.

హాని జరిగే దారులు కూడా ఉన్నాయి. గ్రూపు తన కోపాన్నంతా ఒకరి మీద కుమ్మరించి బలిపశువును చేయవచ్చు. బంధం ఏర్పడకముందే ఎవరైనా లోతైన రహస్యం చెప్పేసి, సిగ్గుతో మరుసటి వారం నుంచి రాకపోవచ్చు. రెండింటినీ వేగంగా గుర్తించి ఆపడం నాయకుల బాధ్యత. ఆ శిక్షణ లేనివారు నడిపే గ్రూపులో, ఎంత సదుద్దేశం ఉన్నా, చేరమని నేను ఎవరికీ చెప్పను.

ఫలితం

ఈ క్లయింటు సుమారు ఏడాదిన్నర గ్రూపులో ఉన్నారు. వెళ్లే ఆలోచనను కొన్ని వారాల ముందే చెప్పి, ఒప్పందం ప్రకారం చర్చించారు. పీహెచ్‌క్యూ-9 స్కోరు ముగింపు నాటికి 6, ఆరు నెలల తర్వాత 7. సైకియాట్రిస్టు పర్యవేక్షణలో మందుల మోతాదు నెమ్మదిగా తగ్గుతోంది. భార్యతో మాటలు పెరిగాయి, అప్పుడప్పుడు గొడవలు కూడా పెరిగాయి. రెండింటినీ ఆయన మెరుగుదల కిందే లెక్కవేస్తున్నారు. తమ్ముళ్లతో సంబంధంలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఆఫీసులో తన విభాగానికి మరో మనిషి కావాలని పై అధికారిని అడగడం ఇప్పటికీ ఆయన వల్ల కావడం లేదు. దాని కోసం అసర్టివ్‌నెస్ (తనకు కావలసినది జంకకుండా, మర్యాదగా అడగడం) నైపుణ్యాలు నేర్పే పన్నెండు వారాల గ్రూపు ఒకటి సూచించాం. చేరేదీ లేనిదీ ఇంకా తేల్చుకోలేదు.